ఎండ చూసుకుంటుందనుకున్నాను

ఎండలో పడేస్తే ఏదైనా తనంతట తానే పోతుందని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకం లాల్ దర్వాజాలోని మా ఇంటి మిద్దె మీద పుట్టింది. ఇంటి పని అయ్యాక మిగిలిన ఇసుకను సిమెంటు సంచుల్లోకెత్తి పిట్టగోడ వారగా పెట్టాం. వేసవి దాటేసరికి సంచులు రంగు వెలిశాయి. ముట్టుకుంటే అల్లిక పట్టీలు పట్టీలుగా చేతికి ఊడొచ్చేది. వేళ్ల మధ్య నలిపితే తెల్లటి పొడి. ఆ పొడిని తూములోకి ఊడ్చేసి చేతులు దులుపుకున్నాను. ప్లాస్టిక్‌ను ఎండే హరాయించుకుంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఆ తీర్పు ఒక ప్రాణం తీసింది.

సంక్రాంతి వస్తే పాతబస్తీలో మనుషులంతా మిద్దెల మీదే ఉంటారు. గుల్జార్ హౌజ్ దగ్గర పతంగులు, చరక్‌లు కొనేవాళ్లతో దారి కిక్కిరిసిపోతుంది. ఒక ఏడాది నేను నూలు మాంజా మానేసి నైలాన్‌ది, అందరూ చైనా మాంజా అనేది, తెచ్చుకున్నాను. ఎంత లాగినా తెగదంటే సంబరపడ్డాను. పండగ వెళ్లాక ఆ దారం వేపచెట్టు కొమ్మల్లో చిక్కుకుని వేలాడుతోంది. "గా దారం తీసెయ్ బిడ్డా, పిట్టలకు సుట్టుకుంటది" అంది అమ్మ. "ఎండకు అదే పోతదిలే అమ్మా" అన్నాను.

పోలేదు. ఎండాకాలం గడిచింది, వానలూ గడిచాయి. ఒక పొద్దున ఆ కొమ్మకు పావురం తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. దారం రెక్క మొదట్లో బిగుసుకుని, ఈకలను చీల్చుకుని, చర్మం లోపలికి దిగింది. కత్తెర పెడుతుంటే తెలిసింది, అన్ని నెలల ఎండ తిన్న ఆ దారం చేతికి ఇంకా గట్టిగానే ఆనుతోంది. పావురం నా ఒళ్లోనే చనిపోయింది. అమ్మ ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఎండ ఏం చేస్తుందో, ఏం చేయదో నేను చదివి తెలుసుకున్నది ఆ తర్వాతే. నేల దాకా వచ్చే ఎండలో అతినీలలోహిత కిరణాల పాలు తక్కువే, కానీ వాటి శక్తి ఎక్కువ. 300 నానోమీటర్ల కిరణానికి మోల్‌కు సుమారు 400 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. ప్లాస్టిక్ గొలుసులో కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య బంధం తెగడానికి 350 దాకా చాలు. అయితే ఆ కిరణాన్ని పీల్చుకునేది ఏదో ఒకటి లోపల ఉండాలి. సిమెంటు సంచి పాలీప్రొపిలీన్‌తో అల్లింది. శుద్ధమైన పాలీప్రొపిలీన్ ఆ కిరణాలను దాదాపు పీల్చుకోదు. తయారీలో మిగిలిన మలినాలు, వేడికి ఆక్సిజన్ పట్టిన చోట్లు పీల్చుకుంటాయి. అక్కడ ఒక హైడ్రోజన్ ఊడితే గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. అది పక్కనున్న మరో హైడ్రోజన్‌ను లాగుతుంది. తెగిన చోట్లు అలా పెరిగిపోయి గొలుసు ముక్కలవుతుంది. పాలీప్రొపిలీన్‌లో తేలిగ్గా ఊడే హైడ్రోజన్లు గొలుసు పొడవునా ఉన్నాయి, పైగా సంచి పట్టీలు పలచన. అందుకే అది అంత త్వరగా పొడైంది.

నైలాన్ కూడా ఎండకు దెబ్బతింటుంది. నత్రజని పక్కనున్న కార్బన్ దగ్గర చెడడం మొదలవుతుంది. కానీ దాని లెక్క వేరు, తొందర వేరు. పావురం తూగేది మూడు వందల గ్రాములకు అటూ ఇటూ. దాన్ని పట్టి ఉంచడానికి దారానికి అసలు బలంలో కాస్త మిగిలినా చాలు. ఇంకా, ఎండకు ఆగాలని కార్బన్ పొడి కలిపి చేసే ప్లాస్టిక్కులూ ఉన్నాయి. నీళ్ల ట్యాంకులు ఎక్కువగా నల్లగా ఉండేది అందుకే. ఒక్క సంచిని చూసి అన్నిటికీ ఒకే తీర్పు చెప్పడం నా తెలివితక్కువ.

అసలు ఆ సంచి విషయంలోనూ నేను పొరబడ్డాను. సంచి ఎక్కడికీ పోలేదు. ఎండ దాని బలాన్ని తీసింది, పదార్థాన్ని మాత్రం అలాగే మిగిల్చింది. నేను ఊడ్చిన పొడి మోరీలో పడింది. మా మోరీల నీళ్లు చేరేది మూసీకే. అలాంటి నలుసులు సముద్రంలో, ఒడ్డు ఇసుకలో ఎంతగా పేరుకున్నాయో 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం 'సైన్స్' పత్రికలో చూపించింది. వాటికి మైక్రోప్లాస్టిక్ అన్న పేరు స్థిరపడింది అప్పుడే. సంచిని సంచిగా ఉండగానే ఎత్తి ఉంటే ఒక చేత్తో అయిపోయే పని. పొడయ్యాక దాన్ని ఏరేవాళ్లు లేరు.

నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. నిషేధం అమ్మకాన్ని ఆపగలదు గానీ చెట్టెక్కి దారం తీయదు. అది మనమే చేయాలి. పండగ మర్నాడే మిద్దె మీద, కొమ్మల్లో చిక్కిన దారం తీసి, ముక్కలుగా కోసి, కాగితంలో చుట్టి చెత్త బండికి ఇవ్వండి. ప్లాస్టిక్ సంచులు వెలిసిపోకముందే నీడకు చేర్చండి. కరెంటు తీగల మీదున్న దారం జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు, లైన్‌మన్‌ను పిలిచి తీయించండి. ఎండ చూసుకుంటుందిలే అని మాత్రం వదిలేయకండి.