అడ్డపొగ చుట్టకు బహిరంగ లేఖ

అడ్డపొగ చుట్టా,

కొత్తవలస నుంచి రాస్తున్నాను. కిరండూల్ లైను మెయిన్ లైనులో కలిసే ఈ జంక్షన్ చుట్టుపక్కల పల్లెల్లో నువ్వింకా బతికే ఉన్నావు. అరుగు మీద మామ్మ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తుంది. వెలగని కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది. ఇలా ఎందుకని అడిగితే "గాలికి ఆరిపోదు బావూ, చానాసేపు వస్తాది" అంటుంది. నిజమే. గాలీ వానా మధ్య పని చేసుకునే ఆడవాళ్ల అవసరాన్ని పట్టుకునే నువ్వు ఇళ్లలోకి వచ్చావు. నాకు కోపం నీమీదే, ఆవిడ మీద కాదు.

నీ సంగతి ఎవరికీ తెలియక కాదు. నీవల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి బొంబాయిలో పరిశోధకులు ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే రాశారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి బృందం అంగిలి ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్, మన ఫలీ మెహతా, వారి సహచరులు మన రాష్ట్రంలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ఆ లెక్కలు ప్రచురించారు. ఎందరి ఉద్యోగ జీవితాలో నీ వెనకే గడిచాయి!

నువ్వు చేసే పని ఇదీ. పొగలో ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. కణంలోని గ్లూటాథయోన్ లాంటి రక్షణలు వాటిని అడ్డుకుంటూ అడ్డుకుంటూ అరిగిపోతాయి. ఈ స్థితికే శాస్త్రవేత్త హెల్మట్ సీస్ 1985లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని పేరు పెట్టాడు. అప్పుడు దెబ్బ డీఎన్‌ఏ మీద పడుతుంది. దాని అక్షరాల్లో ఒకటైన గ్వానీన్ మారిపోతే కణం తప్పుగా నకలు రాసుకుంటుంది. అలాంటి తప్పులు ఏళ్ల తరబడి పోగుపడితే క్యాన్సర్. మామూలు చుట్టలో పొగ నోటికి చేరేలోపు కాస్తయినా చల్లబడుతుంది. నువ్వు ఆ కాస్త జాలి కూడా చూపవు, నిప్పుతో సహా అంగిలి కిందే కూర్చుంటావు.

అయినా నువ్వు ఓడిపోయిన సందర్భం ఉంది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ల దగ్గరికి పరిశోధకులు వెళ్లారు, మానమని నచ్చజెప్పారు. మానినవాళ్లు పెరిగారు, నోట్లో కొత్తగా వచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. 1986లో ఆ ఫలితం లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. ఇంటికెళ్లి చెప్తే వింటారు. చెప్పేవాళ్లే ఇప్పుడు కరువయ్యారు.

ఇక ఈ మాట ఇంట్లో అడ్డపొగ తాగే అమ్మ, అప్ప, మామ్మ ఉన్నవాళ్లకి. ఆవిణ్ణి తిట్టకండి. పగటి వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరవమని అంగిలి చూడండి. తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.