ఒరిజినాలిటీ కావాలి... ఊరికే!

‘సృజనాత్మక యువతకు సువర్ణావకాశం! మా శాఖకు కొత్త లోగో కావాలి. మీలో నిద్రపోతున్న కళాకారుణ్ణి తట్టి లేపండి!’ ఇదీ పిలుపు. గెలిచిన ఒక్కరికి నగదు బహుమతి, శాలువా, ఫొటో. మిగిలినవాళ్లకు? ఈ-సర్టిఫికెట్. డౌన్‌లోడ్ మీరే చేసుకోవాలి. కలర్ ప్రింటు తీయించుకుంటే ఆ ఖర్చూ మీదే.

సరే, లేపారు. కళాకారుడు లేచాడు. మరి తిండి పెట్టేదెవరు?

ఇలాంటి ప్రకటన ఒక్కటైనా చివరిదాకా చదివారా? చదవండి. డబ్బులిచ్చి కామెడీ సినిమాకు వెళ్లే పని ఉండదు. డిజైన్ అచ్చంగా సొంతమై ఉండాలట. 1957 కాపీరైట్ చట్టాన్ని అతిక్రమించకూడదట. శభాష్, చట్టం మీద ఎంత భక్తి! 300 డీపీఐకి తగ్గకూడదు. వాటర్‌మార్క్ ఉండకూడదు. వెబ్‌సైట్ మీద బాగుండాలి, లెటర్‌హెడ్ మీద బాగుండాలి, హోర్డింగ్ మీద బాగుండాలి, నలుపు తెలుపు పత్రికా ప్రకటనలోనూ బాగుండాలి. గెలిస్తే ఓపెన్ ఫైలు అప్పగించి చేతులు దులుపుకొని పోవాలి. సర్వహక్కులూ శాఖవే. ఎక్కడైనా వాడుకుంటాం, ఎలాగైనా మార్చుకుంటాం. నువ్వు మాత్రం ఇంకెక్కడా వాడకూడదు. కొన్ని పోటీల్లో అయితే ఓడిపోయిన ఎంట్రీల మీద కూడా హక్కు వాళ్లదే! ఇంత వసూలు చేశాక, చిన్న అక్షరాల్లో అసలు ముక్క: ఎవరైనా కాపీ అని కోర్టుకెక్కితే మాకు సంబంధం లేదు, పూచీ అంతా పోటీదారుడిదే.

లోగో వాళ్లది. పేరు వాళ్లది. కేసు మాత్రం కుర్రాడిది. ఎంత న్యాయమైన పంపకం! ఆ కింద ఇంకో వరస కూడా ఉంటుంది. తగిన ఎంట్రీ రాలేదనుకుంటే ఎవరికీ ఏమీ ఇవ్వకుండా పోటీ రద్దు చేసే హక్కు మాకుంది. కారణం చెప్పక్కర్లేదు. ఈ వరస రాసినవాడెవడో గానీ, పూర్వజన్మలో జమీందారు దగ్గర గుమాస్తా అయ్యుంటాడు.

మన దగ్గర రోడ్డు కాంట్రాక్టర్‌ను ఎప్పుడైనా ఇలా పిలిచారా? ‘అయ్యలారా, తలా ఒక రోడ్డు వేసి చూపించండి. మా కమిటీ అన్నిటి మీదా కారేసుకొని తిరుగుతుంది. నచ్చిన ఒక్కదానికి బిల్లు పాస్ చేస్తుంది. మిగతావి మీ ఖాతా.’ అని చూడండి ఒకసారి. సాయంత్రానికి సచివాలయం గేటు ముందు జేసీబీలు బారులు తీరతాయి. కాంట్రాక్టర్ గారికి పార మట్టిలో దిగకముందే మొబిలైజేషన్ అడ్వాన్సు. డిజైనర్ కుర్రాడికి పని మొత్తం అయ్యాక ‘చూద్దాంలే’. ఏమంటే, రెండు గీతలే కదా అంటారు.

రెండు గీతలేనా? తెలుగు అక్షరంతో లోగో చేసేవాణ్ణి అడగండి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం తీసుకోండి. పైన గుడి దీర్ఘం. కింద త వత్తు, దాని పక్కనే ర వత్తు. బోర్డు మీద రాసినప్పుడు అందంగానే ఉంటుంది. విజిటింగ్ కార్డు సైజుకు దించగానే ఆ వత్తులు రెండూ కలిసి సిరా ముద్దవుతాయి. ఫోన్ తెర మీద గోరంత బొమ్మ చేస్తే అది అక్షరమో ఈగో తెలియదు. అందుకని ప్రతి వంపూ మళ్లీ గీయాలి. కోరల్ డ్రాలో ఒక్కో నోడ్ పట్టుకొని లాగాలి. వత్తుకూ అక్షరానికీ మధ్య సందు ఎంతుండాలో కంటితో తేల్చుకోవాలి. మధ్యాహ్నం కుదిరిందనుకున్నది రాత్రికి వంకరగా కనిపిస్తుంది. మళ్లీ మొదలు. ఆ శ్రమ ఎవరిక్కావాలి? అనూ ఫాంటులో పేరు కొట్టి, కింద నీడ వేసి, చుట్టూ ఒక అర్ధచంద్రం తిప్పితే కమిటీ చప్పట్లు కొట్టదూ!

సర్కారుకు డబ్బిచ్చే పద్ధతి తెలియదనుకుంటున్నారా? తెలుసు. భేషుగ్గా తెలుసు. 2014 సెప్టెంబరు 25న ‘మేకిన్ ఇండియా’ సింహం గర్జించింది. ఒళ్లంతా పళ్లచక్రాలు. దాన్ని గీసిందెవరని సమాచార హక్కు చట్టం కింద అడిగితే బయటపడిన పేరు వీడెన్ ప్లస్ కెనెడీ. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టిన సంస్థకు భారతీయ శాఖ. టెండరు పిలిచి, కోట్లలో పని అప్పగించారు. ‘భారత్‌లో తయారు చేయండి’ అని చెప్పడానికి! సరిగ్గా వారం తిరిగింది. అక్టోబరు 2న స్వచ్ఛ భారత్. గాంధీ గారి కళ్లద్దాలు. దానికి టెండరు లేదు, ఏజెన్సీ లేదు, ఆన్‌లైన్ పోటీ. కొల్హాపూర్ కళాకారుడొకరు గెలిచారు. బహుమతి 50 వేల రూపాయలు. నినాదం రాసినవారికి 25 వేలు.

జేబులో 500 నోటుంటే తీసి వెనక్కి తిప్పండి. కనిపించాయా కళ్లద్దాలు? 2016 నుంచి వచ్చిన కొత్త సిరీస్ నోట్లన్నిటి మీదా అవే. మరుగుదొడ్డి గోడ మీద, చెత్త బండి మీద, బడి ప్రహరీ మీద, విమానాశ్రయంలో, చివరికి డబ్బు మీద కూడా అదే బొమ్మ. దేశంలో ఇంతగా అచ్చయిన లోగోలు ఎన్నుంటాయి? దానికి ఇచ్చింది ఆ నోట్లే ఓ వంద. దేశసేవకు లెక్కలేమిటంటారా? సింహానికి మాత్రం లెక్కలెందుకు కట్టారు మరి?

అంతకు ముందూ ఒక పోటీ ఉంది. 2009లో ఆర్థిక శాఖ రూపాయి గుర్తు కోసం పెట్టింది. పాల్గొనడానికే 500 రూపాయల ఫీజు! పని చేసేవాడి దగ్గరే పైసలు గుంజడం మన ఖజానాకే చెల్లింది. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆఖరి వడపోతలో నిలిచిన ఐదుగురికీ తలా 25 వేలు, గెలిచినవారికి రెండున్నర లక్షలు అన్నారు. 2010 జులై 15న ఉదయకుమార్ గీసిన ₹ ఖరారైంది. అంటే చివరిదాకా వచ్చినవాడి కష్టానికి ఎంతో కొంత ఇవ్వాలన్న ఇంగితం అప్పుడు ఉంది. తర్వాత ఆ ఇంగితం ఏ ఫైలు కింద నలిగిపోయింది?

ఇంత తక్కువేమిటని ఎవరైనా అడిగితే అధికారులూ స్టార్టప్ బాబులూ ఒక కథ చెబుతారు. ‘నైకీ లోగోకు 35 డాలర్లే ఇచ్చారు తెలుసా?’ తెలుసు బాబూ. 1971 నాటి మాట. ఆ కథలో రెండో సగం కూడా చెప్పండి. 1983లో అదే కంపెనీ ఆ డిజైనర్‌ను పిలిచి వజ్రం పొదిగిన బంగారు ఉంగరం, కంపెనీ షేర్లు ఇచ్చింది. మీ శాఖ తర్వాత పిలిచి ఏమిస్తుంది? కాలెండరా?

ఈ జబ్బు మనది మాత్రమే కాదు. 2008లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ‘99డిజైన్స్’ అని ఒక దుకాణం తెరిచారు. లోగో కావలసినవాడు పోటీ పెడతాడు. ప్రపంచం నలుమూలల నుంచి డజన్లకొద్దీ డిజైన్లు వచ్చి పడతాయి. ఒకడికి డబ్బు, మిగిలినవాళ్లకు అనుభవం. అనుభవంతో కరెంటు బిల్లు కట్టడం వీలుకాదని కుర్రాళ్లకు త్వరగానే తెలిసింది. వాళ్లేం చేశారు? ఓడిపోయిన లోగోలో పేరు మార్చి ఇంకో పోటీకి పంపారు. బేకరీ ఆకు ఆయుర్వేదం ఆకైంది. ఆయుర్వేదం ఆకు సోలార్ కంపెనీ ఆకైంది. తప్పా? తప్పే. కానీ పైసా గ్యారంటీ లేని పనికి వారం రోజులు కూర్చొని కొత్తగా ఆలోచించమనడం ఒప్పా? 2020లో ఆ దుకాణాన్ని విస్టాప్రింట్ కొనేసింది. అచ్చు వ్యాపారి చేతికి ఆలోచనల వ్యాపారం.

జపాన్‌వాళ్ల కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2015 జులైలో టోక్యో ఒలింపిక్స్ లోగో విడుదల చేశారు. కెంజిరో సానో అనే పేరున్న డిజైనర్ పని. కొద్ది రోజులకే బెల్జియంలోని లియేజ్ నాటకశాల లోగో గీసినాయన ‘ఇది నాదిలా ఉందే!’ అన్నాడు. సానో కాదన్నాడు. ఇంతలో ఒక బీరు కంపెనీ ప్రచార సంచుల మీద ఆయన ఆఫీసు వేసిన బొమ్మల్లో కాపీలు దొరికాయి. సెప్టెంబరు 1న ఒలింపిక్ లోగో చెత్తబుట్టలో పడింది. సరే, పాఠం ఏం నేర్చుకున్నారు? సరిగ్గా సరిచూసుకోవాలనా? ఈసారి అందరికీ తెరిచి పోటీ పెట్టారు! 14,599 ఎంట్రీలు వచ్చాయి. బహుమతి పది లక్షల యెన్లు, ప్రారంభోత్సవానికి ఆహ్వానం. గళ్ల బొమ్మ వేసిన ఒకాయన గెలిచారు. మిగిలిన 14,598 ఎంట్రీల వెనకున్న చాకిరీ? దాన్ని ప్రజాస్వామ్యం అన్నారు.

డబ్బిస్తే కాపీ రాదా అని మీరు అడగొచ్చు. ఎందుకు రాదు? అమెరికాలో ఎన్‌బీసీ అనే మహా టీవీ సంస్థ 1976లో బోలెడు ఖర్చు పెట్టి కొత్త ‘ఎన్’ చేయించుకుంది. తీరా చూస్తే నెబ్రాస్కాలోని చిన్న విద్యా టీవీ అప్పటికే అచ్చం అదే వాడుతోంది, వంద డాలర్లు కూడా ఖర్చు కాకుండా. పరువు పోయింది. అయితే ఎన్‌బీసీ నగదు ఇచ్చి, పరికరాలు ఇచ్చి రాజీ చేసుకుంది. పొరపాటుకు సొంతదారుడంటూ ఒకడు నిలబడ్డాడు. మన పోటీలో నిలబడేదెవరు? ‘పూచీ అంతా పోటీదారుడిదే’.

పోనీ, వెతికి చూసుకోవడం అంత కష్టమా? ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఉచితం. బొమ్మను ఇంటర్నెట్‌లో పెట్టి పోలికలు వెతకడం పదో తరగతి పిల్లలకూ వచ్చు. రిజిస్టర్ చేయించుకోవాలంటే ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఒక తరగతికి 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. లోగో ఆవిష్కరణ సభలో బొకేలకు అంతకన్నా ఎక్కువ అవుతుంది. ఇవన్నీ వెతికి చూడాల్సిన జ్యూరీలో ఎవరుంటారు? జాయింట్ సెక్రటరీ, ఆయన పీఏ, సంతకం పెట్టడానికి ఒక ప్రొఫెసర్. కొద్దిగా రంగు పెంచితే బాగుంటుందేమో సార్! పెంచండి. సూర్యుడు కూడా ఉండాలి సార్! పెట్టండి. మన బళ్ల లోగోలు చూడండి. తెరిచిన పుస్తకం, మధ్యలో దీపం, వెనక సూర్యుడు. ఆసుపత్రులు చూడండి. రెండు చేతులు, మధ్యలో గుండె, అందులో ఈసీజీ గీత. రియల్ ఎస్టేటు? మూడు త్రికోణాలు, ఒక ఆకు. ఎవరు ఎవర్ని కాపీ కొట్టారో దేవుడికైనా తెలుసా?

డిజైనర్లమని చెప్పుకునేవాళ్లకూ నాలుగు తగలాలి. ఫ్రీపిక్‌లో దింపుకొని, ఎరుపును నారింజ చేసి, ‘కాన్సెప్ట్ నోట్’లో ఉపనిషత్తులు పేర్చే మహానుభావులు తక్కువ లేరు. ఇక ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు. ఏఐకి ఒక వాక్యం కొడితే నిమిషంలో నలభై లోగోలు. పోటీ పెట్టినవాడికి ఎంట్రీల వరద, చూసినవాడికి తలనొప్పి. చేయి తిరిగిన డిజైనర్లు ఈ గుంపులో నిలబడటం ఎప్పుడో మానేశారు. మిగిలింది పుంఖానుపుంఖాలుగా నున్నటి, మెరిసే, ఎవరివీ కాని బొమ్మలు. వెంటనే నిబంధనల్లో కొత్త వరస చేరింది: ‘ఏఐ వాడకూడదు’. భలే. ఆ ప్రకటన కింద పెట్టిన పోస్టరు చూశారా? నవ్వుతున్న అమ్మాయికి ఆరు వేళ్లు. క్యాన్వాలో టెంప్లేట్ తీసి లోగో చేసుకున్న చిరు వ్యాపారికి ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అందులోని రెడీమేడ్ బొమ్మలతో చేసిన లోగోను ట్రేడ్‌మార్క్ చేసుకోవడానికి ఆ కంపెనీ నిబంధనలే ఒప్పుకోవు. బోర్డు వేయించాక, సంచులు అచ్చేయించాక తెలుస్తుంది.

లోగో అంటే మన నాయకులకు చులకన అనుకుంటే పొరపాటు. 2024 మే చివర్లో తెలంగాణ రాజముద్ర నుంచి చార్మినార్, కాకతీయ తోరణం తీసేస్తారన్న మాట బయటికి రాగానే ఏమైంది? ధర్నాలు, సవాళ్లు, టీవీ చర్చలు. కొత్త ముద్ర వాయిదా పడింది. అంటే బొమ్మకు విలువుందని తెలుసు. కొట్లాడటానికి ఉంది ఆ విలువ, చెల్లించడానికి లేదు. పోటీ గెలిస్తే మాత్రం ఒరిగేదేముందో అమరావతిని అడగండి. 2016లో రాజధాని ప్రభుత్వ భవనాల డిజైన్‌కు పెట్టిన అంతర్జాతీయ పోటీలో నెగ్గింది జపాన్ మాకీ సంస్థ. అదే ఏడాది దాన్ని పక్కనపెట్టి నార్మన్ ఫోస్టర్ దగ్గరికి వెళ్లారు. ఆ తర్వాత సలహాకు సినిమా దర్శకుడు రాజమౌళి. ప్రపంచ ప్రసిద్ధ వాస్తుశిల్పికే గతి లేదు, అమీర్‌పేట హాస్టల్లో లాప్‌టాప్ పట్టుకున్న కుర్రాడెంత?

అయినా సువర్ణావకాశం మిగిలే ఉంది. ఎంట్రీలు సరిగ్గా రాలేదట. గడువు మరో పదిహేను రోజులు పొడిగించారు. బహుమతి మాత్రం పెంచలేదు.