చలవా వేడీ మరిచిన వంటిళ్లు

మా రోజుల్లో వంటింటి ఆడవాళ్లెవరూ వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం చదవలేదు. అయినా అందులో చెప్పిన ఇరవై గుణాల లెక్క వాళ్ల చేతిలో ఉండేది. గురువుకు (బరువుకు) లఘువు (తేలిక), శీతానికి ఉష్ణం, స్నిగ్ధానికి (జిడ్డుకు) రూక్షం (పొడి)... ఇలా పది జంటలు. ఒంట్లో ఉన్న గుణానికి అదే గుణం కలిపితే పెరుగుతుంది, ఎదుటి గుణం పడితే తగ్గుతుంది. చరకుడు చెప్పిందీ ఇదే.

కందబచ్చలి కూరనే చూడండి. బచ్చలి జిగురు, చలవ, బరువు. కందది పొడి గుణం, వేడి. ఆ రెంటినీ కలిపి, పైన తీక్ష్ణమైన ఆవ పెట్టేవారు. కందిపొడి అన్నంలో నెయ్యి పడందే మా నాయనమ్మ ముద్ద కలపనిచ్చేది కాదు. సంక్రాంతికి తినే నువ్వులు, బెల్లం, అరిసెలు బరువే, కానీ చలికాలంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది కాబట్టి అరిగేవి.

మరి ఇప్పుడు? పుష్యమాసంలో ఫ్రిజ్‌లోంచి తీసిన పచ్చికూరల ముక్కలు, సాయంత్రం పొడి బిస్కట్లు, రాత్రి ఏసీ గాలి. నూనె చుక్కంటే భయం. వాతం గుణాలే రూక్షం, శీతం, లఘువు, చలం (కదలిక). వాటికి వాటినే జోడించి, కీళ్లు పట్టేశాయని వాపోతే ఎలా? ఇంకొందరు చల్లగా ఉంటుంది కదా అని అర్ధరాత్రి బిర్యానీలో గడ్డపెరుగు వేసుకుంటారు. చేతికి చల్లనే గాని, పెరుగు వీర్యం (ఒంట్లో చూపే ప్రభావం) ఉష్ణం, పైగా బరువు. రాత్రిపూట వద్దని శాస్త్రం స్పష్టంగా చెప్పింది. నీళ్లు పోసి చిలికిన మజ్జిగ తేలిక.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది మనసు సంగతి. కన్ను మూసేదాకా ఫోనులో క్షణానికో బొమ్మ. అదంతా చలగుణమే, రజోగుణాన్ని రేపేదే. అలాంటి మనసుకి నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? దానికి ఎదురు నిలిచేవి స్థిరం, స్నిగ్ధం. అందుకే వారానికోసారి తలంటు ఉండేది. తలకు, చెవులకు, పాదాలకు నూనె ప్రత్యేకంగా పట్టించమన్నాడు వాగ్భటుడు. కఫం పెరిగినవాళ్లకి, అజీర్ణం ఉన్నవాళ్లకి వద్దనీ ఆయనే చెప్పాడు. మా పెద్దలు జలుబు చేసిన పిల్లాణ్ణి తలంటుకి కూర్చోబెట్టేవారు కాదు. ఇప్పటివాళ్లకి ఆ నూనే లేదు, ఆ విచక్షణా లేదు.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, జలుబు, అజీర్ణం లేకపోతే ఈ రాత్రి ఫోను పక్కగదిలో పెట్టి, అరికాళ్లకి గోరువెచ్చని నువ్వులనూనె రాసుకుని పడుకోండి.