ఎవరింటికి? : ఒక కాపలా శాస్త్రం

దొంగతనానికి శాస్త్రం ఉంది, కాపలాకు లేదు. ఈ అన్యాయాన్ని ఇన్నాళ్లూ ఏ పండితుడూ పట్టించుకోలేదు.

శూద్రకుడి మృచ్ఛకటికం మూడో అంకం చూడండి. చారుదత్తుడి ఇంటికి కన్నం వేయడానికి వచ్చిన శర్విలకుడు గోడ ముందు నిలబడి సాక్షాత్తూ పరీక్ష రాస్తున్నవాడిలా ఆలోచిస్తాడు. పద్మంలా తవ్వాలా, సూర్యబింబంలానా, నెలవంకలానా అని ఏడు రకాల కన్నాలు గుర్తు చేసుకుని, కాల్చిన ఇటుకల గోడకు పూర్ణకుంభమే బాగుంటుందని తేల్చుకుంటాడు. కొలతాడు మరిచిపోయి వచ్చాడు గనుక జంధ్యంతో కొలుచుకుంటాడు. దొంగల దేవుడు కుమారస్వామికి ఓ నమస్కారం, గురువు యోగాచార్యుడికి మరో నమస్కారం. కాపలా కాసేవాళ్లకు దేవుడేడి? గురువేడి? కనీసం ఒక గైడు పుస్తకమైనా లేదే! ఆ లోటు తీర్చడానికి సూర్యాపేట జిల్లా మేళ్లచెరువును ప్రయోగశాలగా చేసుకుని ఈ గ్రంథం మొదలుపెట్టడమైనది.

శర్విలకుడి శాస్త్రంలో ఒక పెద్ద లోపం ఉంది. గోడ గురించి అంతా తెలుసు, గోడ ముందున్న అరుగు గురించి ఒక్క ముక్క లేదు. అరుగు మీద ఓ ముసలమ్మ కూర్చుని "ఎవరింటికి నాయనా?" అంటే ఏం చెప్పాలో యోగాచార్యుడు నేర్పలేదు. మన మొదటి సూత్రం అక్కడ పుడుతుంది: వీధిలోకొచ్చిన ప్రతి కొత్త మొహమూ ఒక ప్రశ్నకు బాకీ.

ప్రయోగ విధానం ఇది. మధ్యాహ్నం రెండు గంటలు, ఊళ్లో సగం మంది పొలాల్లో, మిగతా సగం కునుకులో ఉన్న వేళ. అరుగు మీద ముసలమ్మ, ముందు ఎండుమిర్చి కుప్ప. తొడిమలు తీస్తూ ఉంటుంది. ఈ పనికి చేతులు చాలు, కళ్లు ఖాళీ. పైగా ఆ ఘాటు తొలి అంచె భద్రత. మా వైపు పుట్టి పెరిగినవాడు మిరప కుప్ప పక్కనుంచి పోతూ తుమ్మడు. తుమ్మినవాడు పొరుగూరివాడన్నది ఆమె అనుమాన ప్రమాణం.

"ఎవరింటికి బాబూ?"

"వెంకటేశ్వర్లు గారింటికండీ."

"ఏ వెంకటేశ్వర్లు? కరెంటు వెంకటేశ్వర్లా, బర్రెల వెంకటేశ్వర్లా, కొత్తిల్లు కట్టినాయనా?"

"కరెంటాయనేనండీ."

"ఆయనకు నువ్వేమవుతావు?"

"మేనల్లుణ్ణండీ."

"ఏ చెల్లెలి కొడుకువి? పెద్దామె కొడుకువా, జగ్గయ్యపేట ఇచ్చినామె కొడుకువా?"

ఇక్కడికొచ్చేసరికి అసలు మేనల్లుడైతే అరుగు మీద చతికిలబడి మంచినీళ్లడుగుతాడు. నకిలీ అయితే ఉన్నట్టుండి వేరే పని గుర్తొస్తుంది. అయితే ఈ శాస్త్రంలో అతి సున్నితమైన చోటు కూడా ఇదే. అసలు మేనల్లుళ్లు కూడా ఇక్కడ తడబడతారు. అమ్మ వరసలో పెద్దదో చిన్నదో ఠక్కున చెప్పలేని కుర్రాళ్లు ఈ కాలంలో బోలెడు. అందుకని రెండో సూత్రం: అడిగినవాళ్లు జవాబు పూర్తిగా వినాలి, తడబాటు సాక్ష్యం కాదు. ఈ రెండో సూత్రాన్ని చిన్నచూపు చూస్తే ఏమవుతుందో ముందు ముందు వస్తుంది.

పూర్వాచార్యుల్లో ఈ విద్యకు దగ్గరగా వచ్చినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రం రెండో అధికరణంలో నాగరకుడనే నగరాధికారి, ఆయన కింద పదో ఇరవయ్యో నలభయ్యో ఇళ్లకొక గోపుడు. ఈ గోపుడు ఆ ఇళ్లలోని ఆడామగా అందరి కులం, గోత్రం, పేరు, వృత్తి, ఆదాయం, ఖర్చు తెలుసుకుని ఉండాలి. ఇంటికొచ్చినవాళ్ల సంగతీ వెళ్లినవాళ్ల సంగతీ గృహస్థు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ రాత్రి జరిగిన నేరం అతని నెత్తినే, ఏమీ జరగకపోయినా మూడు పణాల జరిమానా. మన ముసలమ్మ గోపుడి పనంతా చేస్తోంది, ఆదాయ వ్యయాలతో సహా. జరిమానా మాత్రం పణాల్లో ఉండదు. చెప్పకుండా చుట్టాల్ని దించుకున్న ఇంటి గురించి సాయంత్రానికి వీధి వీధంతా మాట్లాడుకుంటుంది.

మధ్యలో సర్కారు కూడా ఈ పనికి మనుషుల్ని పెట్టింది. నిజాం కాలంలో ఊరికో పోలీసు పటేలు, ఆయన చేతి కింద సేత్‌సింధీలు, మస్కూరీలు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థ తీసేసింది. 2020లో తెలంగాణలో వీఆర్వోలు పోయారు. 2023లో వీఆర్‌ఏలను వేరే శాఖల్లో సర్దారు. పదవులు ఇలా వస్తూ పోతూ ఉన్నా అరుగు మీది ఉద్యోగం రద్దు కాలేదు. దానికి జీవో ఇచ్చిందెవరు గనుక, రద్దు చేయడానికి!

ఇక పాశ్చాత్యుల సంగతి. జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లో అమెరికా నగరాల మీద రాసిన పుస్తకంలో, వీధిని కాపాడేది వీధి మీద ఉండే కళ్లేనని న్యూయార్క్‌లో తానున్న హడ్సన్ స్ట్రీట్‌నే ఉదాహరణగా చూపించింది. 1972లో అక్కడి షెరీఫుల సంఘం ఇరుగుపొరుగు కాపలాను దేశవ్యాప్త పథకం చేసింది. 1982లో ఇంగ్లండ్‌లోని మాలింగ్టన్ అనే పల్లె ఆ దేశంలో మొదటి కాపలా పల్లె అయింది. ఇదంతా మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదేనని అనడం మన పండితుల ఆనవాయితీ. ఈ శాస్త్రకర్త కూడా ఆ మాట అనేసి ముందుకు సాగుతున్నాడు.

శాస్త్రానికి సెలవు రోజులు లేకపోలేదు. మహాశివరాత్రికి మేళ్లచెరువు స్వయంభూ శంభులింగేశ్వర స్వామి జాతర. కరెంటు దీపాల ప్రభలు, బండ లాగుడు పందేలకు ఎక్కడెక్కడినుంచో వచ్చే ఎడ్ల జతలు, ఆ ఎడ్ల చుట్టూ మీసాలు మెలేసే ఆసాములు. కృష్ణ అవతలి నుంచీ ఇవతలి నుంచీ వచ్చే జనంలో ఎవణ్ణని అడుగుతారు? అడిగినా "ఎవరింటికి" అంటే అందరిదీ ఒకటే జవాబు: శివుడింటికి. ఆయన వరస అడిగే ధైర్యం ముసలమ్మకు కూడా లేదు. జాతర రోజుల్లో కాపలా పూర్తిగా పోలీసులది, పుస్తెలతాడు భద్రత కొంగుది.

అసలు చిక్కు జాతర కాదు, సున్నపురాయి. ఊరి చుట్టుపక్కల భూమిలో అది ఉంది గనుక సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫ్యాక్టరీలతో పాటు రాత్రీ పగలూ లారీలు, బీహారు నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ కూలీలు. వీళ్లు ఎవరింటికీ రారు. అద్దె గదికి వస్తారు, షిఫ్టుకు పోతారు. ప్రశ్న తెలుగులో ఉంటే జవాబు హిందీలో వస్తుంది, రెండూ కలిసి గాల్లో పోతాయి. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి, మన గోడలు లేవడానికి సిమెంటు మోసినవాడు అరుగు లెక్కలో ఇంకా కొత్త మొహమే. ఎక్కడైనా తాళం పగిలిందంటే మొదటి చూపు ఆ గదుల వైపే పోతుంది. దీనికి మందు శాస్త్రంలో ఉంది, వాడేవాళ్లే తక్కువ: "ఎవరింటికి" అని కాక "మీదేవూరు" అని అడగడం. ఓ ముసలమ్మ "గావ్ కహా?" వరకూ నేర్చింది. ఇప్పుడు ఆమెకు బీహారులోని ఛప్రాలో ఎవరి చెల్లెలి పెళ్లి ఎప్పుడో తెలుసు.

ప్రతిపక్షం కూడా ఊరుకోలేదు. దొంగలు ప్రశ్ననే ఎత్తుకుపోయారు. బైకు మీద ఇద్దరొస్తారు, వెనకవాడు మర్యాదగా "అమ్మా, ఫలానా ఆయన ఇల్లెక్కడ?" అంటాడు. చెప్పడానికి ముందుకు వంగితే మెడలో గొలుసు ఉండదు. దీన్ని ప్రశ్నాపహరణమందాం. బంగారానికి మెరుగు పెడతామంటూ వచ్చేవాళ్లది ఇందులో ఉపశాఖ. రెండింటికీ ఒకటే విరుగుడు: దారి చెప్పేటప్పుడు అరుగు దిగరాదు.

ఇక సీసీ కెమెరా. ఒక కెమెరా వంద మంది పోలీసులతో సమానమని పోలీసు శాఖే చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టాలనీ, 30 రోజుల రికార్డు దాచాలనీ చెప్పింది. ముసలమ్మ రికార్డు ముప్పయ్యేళ్లది, అదీ కరెంటు లేకుండా. అయినా కెమెరాను తీసిపారేయడానికి లేదు, కేసు నిలబడాలంటే అదే కావాలి. ఒక్కసారి దాన్ని దగ్గర్నుంచి చూద్దాం. చీకటి పడగానే అద్దం చుట్టూ సన్నటి ఎర్రదీపాలు వెలుగుతాయి. వాటికోసం పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. అద్దానికి అడ్డంగా గూడల్లి నట్టనడుమ కూర్చుంటుంది. దొంగతనం జరిగిన మర్నాడు అందరూ టీవీ ముందు చేరి ఫుటేజీ తిప్పితే, తెరంతా ఎనిమిది కాళ్ల తెల్లటి ఆకారం ఊగుతూ ఉంటుంది. దాని పొట్ట వెనక ఎక్కడో ఓ మోటార్‌సైకిల్ వెళ్లినట్టు అనిపిస్తుంది. సాలీడు లేనిచోట కోతి తీగ పీకుతుంది. రెండూ లేనిచోట దొంగే డీవీఆర్ పెట్టె కూడా చంకన పెట్టుకుపోతాడు.

కెమెరాది ఇంకో గుణం, అది అడగదు. వాట్సాప్ గ్రూపుది దానికి సరిగ్గా తలకిందులు, అది అడక్కముందే జవాబు చెబుతుంది. 2018 మే నెలలో తెలంగాణంతా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు, పార్థీ గ్యాంగులు దిగాయని ఫోన్లు మోగిపోయాయి. ఊళ్లలో కుర్రాళ్లు కర్రలు పట్టుకుని రాత్రంతా గస్తీ తిరిగారు. మన పాత నల్లగొండ జిల్లాలోదే అయిన భువనగిరి వైపు ఒక పల్లెకు రాత్రివేళ చుట్టాలింటికి వచ్చిన ఓ ఆటో డ్రైవర్‌ను కొట్టి చంపేశారు. ఎవరింటికి అన్న ప్రశ్నకు అతని దగ్గర నిజమైన జవాబే ఉంది. వినేవాళ్లు లేకపోయారు. ఈ పేరాలో వ్యంగ్యానికి చోటు లేదు. అదే రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును అప్పగించి, వాళ్లను ఇంటింటికీ తిప్పి, పాటలతో డప్పులతో పుకారుకు ఎదురు చెప్పించింది. అక్కడ ప్రాణం పోలేదు. జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేసేలా కట్టడి చేసింది. అరుగు మీద కబురు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురికే చేరేది, చేరినవాళ్లు ఎదురు ప్రశ్న వేసేవాళ్లు కూడా.

కార్డన్ సెర్చ్ గురించి ఓ మాట. తెల్లవారుజామున పోలీసులు వీధిని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేస్తారు. దొంగల కోసం వేసిన వలలో కాగితాల్లేని బైకులు పడతాయి. మర్నాటి పేపర్లో ఫొటో బైకులదే.

ఈ విద్యకు ఇప్పుడు వచ్చిన గండం దొంగల వల్ల కాదు, సీసీ రోడ్ల వల్ల. రోడ్డు ఎత్తు పెరిగింది, పక్కన డ్రైనేజీ కాలువ వచ్చింది, దానికోసం అరుగులు కొట్టేశారు. కొత్తిళ్లకు అరుగు లేదు. ప్రహరీ, గేటు, గేటుకు కుక్క బొమ్మ బోర్డు, పైన కెమెరా. లోపలున్నవాళ్లకు వీధి కనపడదు, వీధికి లోపలివాళ్లు కనపడరు. శర్విలకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

అరుగు పోయింది గనుక రాత్రి గస్తీ డాలస్‌కు వెళ్లింది. కొడుకు అక్కడ, కెమెరా ఇక్కడ, బొమ్మ అతని ఫోన్లో. మనకు అర్ధరాత్రి రెండయితే అక్కడ మధ్యాహ్నం. ఇంత తెలివైన ఏర్పాటు కౌటిల్యుడికి కూడా తట్టలేదు, నిద్రే రాని కాపలాదారు. అలాంటి ఓ రాత్రి ఫోను మోగింది.

"అమ్మా, లైటెయ్యకు. పెరట్లో ఎవడో నిలబడ్డాడు. తెల్ల చొక్కా. కదలట్లేదు."

ఆమె లేచి, కళ్లజోడు వెతుక్కుని, లైటేసి, తలుపు తీసి చూసింది.

"అది నా దుప్పటిరా, దండేనికి ఆరేశా. అవునూ, ఇప్పుడు మీకు మధ్యాహ్నం మూడున్నర కదూ? ఆఫీసు టైములో ఫోను చూస్తూ కూర్చున్నావేంటి? ఉద్యోగం ఉందా, పోయిందా?"

అవతల చాలాసేపు మాట లేదు.

"పోయిన నెలలో పోయిందమ్మా. నాన్నకి చెప్పకు."