మెమోకు టీకా తాత్పర్యం

మూలం: “మీరు అనారోగ్య సెలవునకు సంబంధించిన పత్రములు సమర్పించనందున, విధులకు ఉద్దేశపూర్వకముగా గైర్హాజరైనట్లు భావించి, ఈ మెమో అందిన మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలసినదిగా కోరడమైనది.”

ప్రతిపదార్థం: మీరు = జీతం బిల్లులో పేరుండి హాజరు పట్టీలో సంతకం లేనివారు; పత్రములు = ఏవో చెప్పని కాగితములు; సమర్పించనందున = ఈ ఒక్క కారణముచేతనే; ఉద్దేశపూర్వకముగా = మనసులోకి తొంగి చూచినట్లుగా; భావించి = విచారించుటకు బదులు; సంజాయిషీ = ముందే రాసిపెట్టిన ఉత్తర్వుకు జతచేయవలసిన కాగితము. ప్రొద్దుటూరులో ‘మూడు దినములు’, పులివెందులలో ‘తక్షణమే’ అని పాఠాంతరాలు ఉండవచ్చు గానీ అర్థభేదం లేదు.

తాత్పర్యం: కాగితం రాలేదు గనుక జబ్బూ రాలేదని. వాక్యం బరువంతా ‘అందున’ మోస్తోంది, మోయలేక కుంగుతోంది. ప్రభుత్వోద్యోగి ఇవ్వాల్సినవి రెండు: జబ్బు చేసింది, విశ్రాంతి కావాలనే ఫారం-ఎ, కోలుకున్నాడు, పనిలో చేరవచ్చుననే ఫారం-బి. మూలకారుడు ‘పత్రములు’ అని బహువచనం పడేసి తప్పుకున్నాడు. జమ్మలమడుగులో జ్వరం మొదలై, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి మీదుగా తిరుపతి స్విమ్స్‌కు చేరినవాడు డిశ్చార్జి చీటీనే సర్టిఫికెట్ అనుకుంటాడు. ఫారం-ఎ మీద ఏ డాక్టరు సంతకం పెట్టాలో అప్పుడు వెతుకుతాడు. ఇక్కడ ఆఫీసులో “ఆయప్ప మెడికల్లో ఉండాడు” అని అటెండరుకు కూడా తెలుసు. ఫైలుకు మాత్రం తెలియదు. పైగా కాగితం దాచుకుని అతను బాగుపడేదేమీ లేదు. ఏడాది సర్వీసుకు 20 రోజుల సగం జీతం సెలవు జమవుతుంది. సర్టిఫికెట్ ఉంటే దాన్ని కమ్యూటెడ్ లీవుగా మార్చుకుని 10 రోజులు పూర్తి జీతంతో వాడుకోవచ్చు, సర్వీసు మొత్తానికి 240 రోజుల దాకా. కాగితం లేకపోతే మిగిలేది సగం జీతమే. నష్టం తనదైనప్పుడు ఆలస్యానికి కుట్ర కన్నా బద్ధకమో, అయోమయమో, మంచం పట్టడమో దగ్గరి కారణాలు.

పూర్వపక్షం: సర్టిఫికెట్లు కొనుక్కునేవాళ్లు లేరా? ఉన్నారు. అయితే అది కాగితం తెచ్చినవాడి మీద అనుమానం, తేనివాడి మీద కాదు. దానికి రెండో వైద్యాభిప్రాయం కోరే అధికారం నిబంధనల్లోనే ఉంది. మరి డిపోలో డ్రైవరు రాకపోతే తెల్లవారుజామున బస్సు ఎవరు తీయాలి? న్యాయమైన ప్రశ్నే. కాగితం వచ్చేదాకా సెలవు జీతం ఆపండి, తప్పులేదు. దానంత చురుకైన జ్ఞాపిక మరొకటి లేదు. జీతం ఆపడం వేరు, ఉద్యోగం ఊడబెరకడం వేరు. మూలకారుడు రెంటినీ ఒకే గాటన కట్టాడు.

ఈ తేడా కోర్టులు ఎప్పుడో చెప్పాయి. సెలవు ముగిశాక 8 రోజుల్లో వచ్చి సంజాయిషీ చెప్పకపోతే ఉద్యోగంపై హక్కు పోతుందని ఫ్యాక్టరీల నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో ఉండేది. అలాంటి నియమమున్నా, విచారణ లేకుండా పేరు కొట్టేయడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో, గైర్హాజరు ఉద్దేశపూర్వకమని రుజువైతేనే అది దుష్ప్రవర్తన అంది. మన రాష్ట్రంలోనే 2007 నాటి జీవో 128 అనుమతి లేకుండా ఏడాది దాటితే రాజీనామాగా పరిగణిస్తుంది. ఆ కటువైన జీవో కూడా వివరణకు అవకాశమిచ్చాకే అంటుంది. ఏడాదికే అంత మర్యాద ఉంటే, మూడు దినాలకు ఇంత తొందరెందుకో టీకాకారులెవరూ చెప్పలేదు.

కనుక పాఠ సవరణ: “మీ ఫారం-ఎ ఇంకా అందలేదు. ఇంట్లోవాళ్ల చేతనైనా, ఫోనులో ఫొటోగానైనా పంపండి. చేరే రోజు ఫారం-బి తెండి. అందేదాకా ఆ రోజుల జీతం బిల్లులో పెట్టలేము. ఇబ్బంది ఉంటే ఈ నంబరుకు చెప్పండి.” ఇందులో ‘భావించి’ అనే మాట లేదు, వాక్యాలన్నీ అన్వయం కుదురుతూనే ఉన్నాయి.