ఫ్యూషియా బతకాలంటే జాలి చంపుకోండి

బ్రిటన్‌లో ఇల్లు తీసుకుని, పెరట్లో తొలిసారి ఫ్యూషియా పెట్టిన మనవాళ్లకు ఒక మనవి. ఈ మొక్కకి చలికన్నా మీ ముద్దే ఎక్కువ ప్రమాదం. కింద రాసినవన్నీ మొక్కల మీద ప్రాణం పెట్టేవాళ్లకి తప్పుడు సలహాల్లాగే కనిపిస్తాయి. అయినా తు.చ. తప్పకుండా పాటించండి.

1. పూలు చూసి కొనకండి. నర్సరీలో కళ్లు జిగేల్మనిపించే ముద్ద పూల రకాలు, ‘స్వింగ్‌టైమ్’ లాంటివి, గడ్డకట్టే చలికి ఆగవు. నేలలో పెట్టడానికి చిన్న పూల ‘మిసెస్ పాపుల్’, ‘రికార్టోనై’ తీసుకోండి. వీటి మూలమైన మాగెల్లానికా జాతిది చిలీ, అర్జెంటీనాల దక్షిణ ప్రాంతం. ఐర్లాండ్‌లో కెర్రీ, కార్క్ రోడ్ల వెంట ఈ జాతే కంచెలుగా పెరుగుతోంది.

2. పీకలదాకా పూడ్చండి. కాండం మొదలు 5 సెంటీమీటర్లు మట్టి కిందికి పోవాలి. పైనున్న కొమ్మలు చలికి మాడిపోయినా, మట్టిలో దాగిన కణుపుల నుంచి మళ్లీ పిలకలొస్తాయి. నాటడం మాత్రం జూన్‌కల్లా ముగించండి. చలి వచ్చేలోపు వేళ్లు పట్టుకోవాలి.

3. ఎండుకొమ్మలు నరక్కండి. నవంబరులో నేలమీది మొక్క చీపురుకట్టలా నిలబడుతుంది. పెరడు నీటుగా కనిపించాలని చెయ్యి చేసుకోవద్దు. మొదలుకి చలి తగలకుండా కాసేది ఆ పుల్లలే. చుట్టూ మాగిన కంపోస్టు మందంగా పరిచి, వసంతం దాకా వదిలేయండి.

4. కుండీ మొక్కని చీకట్లో పడేయండి. హాల్లో రేడియేటర్ పక్కన పెట్టారంటే పని ఖరాబే. వెచ్చదనం ఉండి వెలుతురు చాలకపోతే, పాలిపోయిన సన్నని రెమ్మలు సాగుతాయి. తెల్లదోమ కూడా చేరుతుంది. పచ్చగా ఉన్నా సరే ఆకులన్నీ దూసేయండి, కొమ్మల్ని సగానికి కత్తిరించండి, రాలిన ఆకు ఒక్కటి కూడా మట్టిమీద ఉంచకండి. అవి కుళ్లితే బూజు కొమ్మలకెక్కుతుంది. తర్వాత కుండీని గరాజ్‌లోకి చేర్చండి. అక్కడ 5 డిగ్రీలుంటే చాలు. ఆకుల్లేని మొక్కకి వెలుతురుతో పనిలేదు.

5. దాహం తీర్చకండి. గరాజ్‌లో ఉన్నన్నాళ్లూ నెలకోసారి వేలు రెండు కణుపులు కుండీ మట్టిలోకి దించి చూడండి. పొడిపొడిగా తగిలితే అరగ్లాసు నీళ్లు, లేకపోతే అదీ వద్దు. నిద్రపోయే వేళ్లు తడిలో నానితే కుళ్లుతాయి. ఎరువు ఊసే ఎత్తకండి.

6. చచ్చిందని నమ్మకండి. ఫిబ్రవరిలో కొమ్మని గోటితో గీరండి. బెరడు కింద పచ్చదనం కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగు కనిపించినా పారేయకండి, ఇంకా కిందికి గీరుతూ రండి. నేలలో ఉన్నవైతే మే నెలాఖరు దాకా చిగురు చూపించకపోవచ్చు. కుండీని మాత్రం ఒకసారి బోర్లించి వేళ్లు చూడండి. గోధుమరంగు తలతో, వంకర తిరిగిన తెల్ల పురుగులుంటే అవి వైన్ వీవిల్ పిల్లలు. వేళ్లు తినేస్తాయి. ఏరి చంపండి.

7. ముచ్చటైన చిగుళ్లు తుంచండి. వసంతంలో కొత్త రెమ్మకి మూడు జతల ఆకులు రాగానే కొన గిల్లేయండి. పక్కల నుంచి వచ్చినవాటినీ అలాగే గిల్లండి. ఫ్యూషియా పూసేది కొత్త రెమ్మల మీదే కాబట్టి, రెమ్మలు పెరిగినకొద్దీ పూలు. చివరిసారి గిల్లాక సుమారు రెండు నెలలకి పూత మొదలవుతుంది. జూలైలో పూలు కావాలంటే మే మొదట్లోనే గిల్లడం ఆపాలి.

అక్టోబరులో మొక్క నిండా పూలుండగానే చలి హెచ్చరిక వస్తుంది. ఇంకో వారం చూద్దామనిపిస్తుంది. చూడకండి. ఆ సాయంత్రమే కత్తెర పట్టుకుని కుండీల దగ్గరికి వెళ్లండి.