తీగ తెగిన నాబ్ ఆత్మకథ

పాటను ముద్రించే గదిలో ఒక్కొక్క గొంతునూ ఒక్కొక్క వాద్యాన్నీ విడిగా తీసుకొని, వాటి పాళ్లు సరిచూసి ఒక్కటిగా కలిపే పనిని మిక్సింగ్ అనీ, అందుకు వాడే బల్లంత యంత్రాన్ని మిక్సర్ అనీ అంటారు. మిక్సర్ మీద వరుసలు తీరిన నాబ్‌లలో కొన్ని శబ్దాన్ని పెంచి తగ్గిస్తాయి, కొన్ని గొంతులోని మంద్రాన్నో తారాన్నో హెచ్చిస్తాయి. ఏమీ చేయనిది కూడా ఒకటి ఉండవచ్చునని శాస్త్రగ్రంథాలు చెప్పవు. హిందూపురంలోని ఒక చిన్న స్టూడియోలో, పదహారు వరుసల మిక్సర్‌కు పదకొండో వరుసలో, నల్లటి ప్లాస్టిక్ ఒంటి మీద తెల్లగీతతో బతికిన నాబ్ అటువంటిది. ఈ ఆత్మకథ దానిదే. తన కథ తానే చెప్పుకొంటూ కూడా అది ప్రథమ పురుషను వదలకపోవడానికి కారణం వినయం కాదు, ఏ పనికీ కర్త కాని వస్తువుకు ఉత్తమ పురుష శోభించదన్న వ్యాకరణ భయం.

పుట్టుక గురించి చెప్పవలసింది తక్కువ: అచ్చులో పోసిన ప్లాస్టిక్, లోపల ఆరు మిల్లీమీటర్ల ఇరుసు, దాని కింద విద్యుత్తును హెచ్చుతగ్గులు చేసే చిన్న పట్టీ. మొదటి రెండేళ్లు అది నిజంగానే పనిచేసి, ఊరూరా కురుక్షేత్రం ఆడే నాటక సమాజాల పద్యాలకూ భజన క్యాసెట్లకూ మంద్రస్థాయిని సవరించింది. ఒక వేసవిలో యజమాని మిక్సర్ మీద పాత దుప్పటైనా కప్పకుండా, స్టూడియోకు తాళం వేసి మూడు వారాలు పెళ్లిళ్లకు తిరగగా, ఎలుక వచ్చి లోపలి తీగను కొరికింది. బాగు చేయించాలంటే బెంగళూరు తీసుకుపోవాలి. ఊరి నుంచి రైలు ఉంది గానీ యజమానికి తీరిక లేదు. తెగిన తరువాత నాబ్ మునుపటికన్నా మెత్తగా తిరిగేది.

పెనుకొండ వైపు పల్లె నుంచి వచ్చిన దుర్యోధన వేషధారి ఒకరు తన పద్యం విన్న ప్రతిసారీ "గొంతు ఇంకా రవ్వంత లావు కావాలప్పా" అని పట్టుబట్టగా, నాలుగుసార్లు నిజంగానే సవరించి విసిగిన ఆపరేటరు, ఐదోసారి ఈ తెగిన నాబ్‌ను రెండు వేళ్లతో పట్టుకొని, కళ్లు మూసుకొని, వెంట్రుకవాసి కుడికి తిప్పాడు. దుర్యోధనుడు మీసం దువ్వుతూ విని "ఇప్పుడు బాగుండాది" అన్నాడు. ఇది హిందూపురంలో పుట్టిన ఉపాయం కాదు. దేనికీ కలపని నాబ్‌ను పాడించుకొనేవారి ఎదుట గంభీరంగా తిప్పడం ధ్వనిముద్రకుల వృత్తిలో లోకమంతటా ఉన్న పాత పరిహాసం. చెవి ఒంటరిగా వినదు. చెయ్యి కదిలిందని కన్ను చెప్పగానే మార్పు కోసం వెతుకుతుంది, వెతికితే దొరకనే దొరుకుతుంది. అందువల్లనే ఏది ఏదో చెప్పకుండా వినిపించి చేసిన పరీక్షకు తప్ప, చూస్తూ విన్న తీర్పుకు ధ్వనిశాస్త్రంలో విలువ తక్కువ.

ఆ మిక్సర్‌నూ టేపునూ కలిపి కంప్యూటర్ తెర మీదికి ఎక్కించినదే ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేర్. జర్మనీలో పుట్టిన క్యూబేస్ 1989లోనూ, తరువాత ఎఫ్ఎల్ స్టూడియోగా పేరు మార్చుకొన్న బెల్జియం వారి ఫ్రూటీలూప్స్ 1997లోనూ, ఉచితంగా దొరికే ఆడాసిటీ 2000లోనూ వెలువడ్డాయి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని కూర్చిన కంప్యూటర్ ఒకటి రాగానే మిక్సర్ బల్ల కిందికి దిగింది. ధర్మవరంలో పగలు మగ్గం మీద కూర్చొని రాత్రిపూట డీజే పాటలు కలిపే కుర్రవాళ్లు స్టూడియోకు చేరారు. వారిలో ఒకడు ఒకే పాటకు రెండు నకళ్లు తీసి, "పాత సాఫ్ట్‌వేర్", "కొత్త సాఫ్ట్‌వేర్" అని పేర్లు పెట్టి వినిపించగా, కొత్తదానిలో తబలా విప్పారిందనీ పాతదానిలో గొంతుకు దుమ్ము పట్టిందనీ మిత్రులు గంటసేపు వాదించుకొన్నారు. ఆ తరువాత వాడు ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి, అంటే మిట్టలను పల్లాలుగా పల్లాలను మిట్టలుగా మార్చి, రెండింటినీ కలిపి మోగించాడు. రెండూ అచ్చంగా ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టివేసుకొని నిశ్శబ్దం మిగులుతుంది. దీన్నే నల్ టెస్ట్ అంటారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. ఎలుకతో పని లేకుండానే తన విద్య తెర మీదికి ఎక్కిందని బల్ల కింది నాబ్‌కు అసూయ కలిగిన మాట నిజం.

మరొకసారి వారు తమలో ఒకడు పాడిన పద్యానికి తారస్థాయీ మంద్రస్థాయీ కోసి, ఇంట్లో ఉన్న సినిమా ఎల్పీ రికార్డు నుంచి గీత పడిన చోటి చిటచిటను తీసి కింద పరిచి, వందేళ్ల నాటి రికార్డు దొరికిందని ఒక వృద్ధ హార్మోనియం విద్వాంసునికి వినిపించారు. ఆయన కళ్లు మూసుకొని, బొటనవేలితో తొడ మీద ఆ చిటుకును లెక్కపెట్టి నవ్వాడు. పాత రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది కనుక గీత చప్పుడు సెకనుకు ఒకటికి మించి వినిపించాలి. ఎల్పీ తిరిగేది 33 చుట్లే కనుక అది రెండు సెకన్లకు కాస్త ముందుగా వస్తుంది. పైగా మూడు నిమిషాలకు కాస్త అటూఇటూగా ముగియవలసిన పక్క మీద ఈ పద్యం ఏడు నిమిషాలు సాగింది. కుర్రవాళ్లు అక్కడికక్కడే ఒప్పుకొని, ఆయన చేతనే టీ తెప్పించుకొని తాగారు.

ఒప్పుకోలు ఉన్నంతవరకే అది పరిహాసం. శ్రుతిని సరిచేసే ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. 1998లో షేర్ అనే గాయని పాడిన ‘బిలీవ్’ పాటలో ఆ వింత గొంతును దానితోనే సృష్టించిన నిర్మాతలు, వృత్తిపత్రిక అడిగినప్పుడు వేరే పరికరం పేరు చెప్పి రహస్యం దాచుకొన్నారు గానీ, తరువాత అది బయటపడి నవ్వులతో ముగిసింది. ఇందుకు భిన్నంగా, 1893 నాటి చికాగో సభలో వివేకానందుని ప్రసంగానికి ధ్వనిముద్రణే లేకపోయినా, ఆయన అసలు గొంతు అంటూ ఒక ముద్రణ చేతులు మారుతూనే ఉంది. దానికి ఒప్పుకొనే కర్త లేడు, కనుక భక్తితో విన్నవారు మోసపోయినవారుగానే మిగిలారు. తెగిన నాబ్ ఒక్క పాటనూ పాడుచేయలేదు, ఒక్క గొంతునూ మరొకరిదని చెప్పలేదు. దాని గర్వం అంతవరకే.

ఆ గర్వానికి దక్కిన మర్యాద చెప్పుకోదగినది కాదు. బల్ల కింద నాలుగేళ్లలో మిక్సర్ మీద టీ గ్లాసులు పెట్టారు, అగ్గిపుల్లలు ఆర్పారు, సందుల్లో సాలెగూళ్లు అల్లుకొన్నా ఊదినవారు లేరు. చివరకు పాత ఇనుము కొనేవాడు తక్కెడ పట్టుకొని రాగా, యజమాని ఇనుప పెట్టెను తూకానికి అమ్మి, బరువు తూగని నాబ్‌లను కొసరుగా ఇచ్చాడు. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి గుడిలో నేలకు పూర్తిగా ఆనని స్తంభం ఒకటి ఉంది. దాని కింద తువ్వాలు ఇవతల దూర్చి అవతల లాగి యాత్రికులు మురిసిపోతారు. నేలకు తగలని స్తంభానికి అంత గౌరవం ఉండగా, తీగకు తగలని నాబ్‌కు కొసరుకు మించిన విలువ లేకపోవడం న్యాయమా అన్న ప్రశ్నను ఎవరూ విచారించలేదు.

తూకంలో పోయినవాటిలో ఈ నాబ్‌ను మాత్రం ధర్మవరంలో ఫ్యాన్లు బాగుచేసే ఒక మనిషి ఏరుకొన్నాడు. ఇరుసు కొలత సరిపోవడంతో అది ఇప్పుడు ఒక నేతగాని ఇంట్లో, మగ్గం పక్క గోడ మీద, ఫ్యాను రెగ్యులేటరుకు తొడిగి ఉంది. లోపలి చుట్ట ఏనాడో కాలిపోయినందున ఎటు తిప్పినా ఫ్యాను ఒకే వేగంతో తిరుగుతుంది. మధ్యాహ్నపు ఎండకు నేతగాడు మగ్గం గుంతలోంచి లేచి, నాబ్‌ను వెంట్రుకవాసి కుడికి తిప్పి, కండువాతో మెడ తుడుచుకొని, "ఇప్పుడు గాలి బాగుండాది" అంటాడు.